ట్రాక్సాస్ టి-మాక్స్ 3.3 రివ్యూ: తప్పు ప్రతిసారీ నీడిల్‌ది కాదు

నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ ట్రక్ టి-మాక్స్ 3.3 కొనాలా వద్దా అంటే, దీని కోసం వారానికి రెండు గంటలు కేటాయించగలిగేవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు. బటన్ నొక్కి పది నిమిషాలు పరిగెత్తించి, అలాగే అటకెక్కించేద్దాం అనుకునేవాళ్లు మాత్రం బ్యాటరీ ట్రక్ తీసుకోవడమే మంచిది. ఇది మొండి ఇంజిన్ కాదు, కానీ పట్టించుకోని చేతుల్లో బతకదు. "ట్యూనింగ్ నిలవట్లేదు" అని దీన్ని అమ్మేసేవాళ్లలో చాలామంది గాలి లీకునో, పాడైన గ్లో ప్లగ్‌నో, మూసుకుపోయిన ఫిల్టర్‌నో వదిలేసి నీడిల్స్ (ఇంజిన్‌కు అందే ఇంధనాన్ని సర్దే స్క్రూలు) తిప్పుతూ కూర్చున్నవాళ్లే. అందుకే ఈ రివ్యూలో సగానికి పైగా ఇంజిన్ గురించే.

టి-మాక్స్ పేరుతో మొదటి ట్రక్ 1999లో వచ్చింది. ఈ మోడల్‌లో ఉన్నది 3.28 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్. స్పార్క్ ప్లగ్ ఉండదు, వేడెక్కిన తీగతో ఇంధనాన్ని మండించే గ్లో ప్లగ్ ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్, రెండు గేర్లు, రివర్స్ కూడా ఉంది. గంటకు 45 మైళ్లు, అంటే 72 కిలోమీటర్లు దాటుతుందని కంపెనీ చెబుతుంది. ట్యూనింగ్ కుదిరాకే ఆ మాట నిజమవుతుంది. తయారీదారు ట్రాక్సాస్‌ది టెక్సాస్‌లోని మెకిన్నీ, మనవాళ్లు బాగా స్థిరపడ్డ ఫ్రిస్కో పక్క ఊరే. డల్లాస్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు స్పేర్ పార్టులకు ఇబ్బంది ఉండదు. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం ట్రక్ కంటే ముందు ఇంధనం సంగతి చూసుకోవాలి. నైట్రో ఇంధనం మండే ద్రవం కాబట్టి విమానంలో సామానుతో తెచ్చుకోనివ్వరు. మీ ఊళ్లో, లేదా రోడ్డు మీద తెచ్చుకోగల దూరంలో, కార్ల కోసం చేసిన ఇంధనం ఎప్పుడూ దొరికే దుకాణం ఉంటేనే ముందుకు వెళ్లండి.

కార్ల కోసం చేసినది అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. ఇందులో మిథనాల్, నైట్రోమీథేన్, ఆయిల్ కలిసి ఉంటాయి. ఈ ఇంజిన్‌కు వేరే ఆయిల్ పోసేది లేదు, ఇంధనంలో ఉన్న ఆయిలే లోపల జారుడునిస్తుంది, వేడినీ మోసుకుపోతుంది. మోడల్ విమానాల ఇంధనం దీనికి పనికిరాదు. కంపెనీ 10, 20, 33 శాతం నైట్రో వాడొచ్చంటుంది. మామూలు వాడకానికి 20 శాతం చాలు. ఏది మొదలుపెడితే దాన్నే కొనసాగించండి. శాతం మారితే ట్యూనింగ్ మళ్లీ మొదటి నుంచి చేయాలి, నైట్రో పెరిగితే ఇంధనం కూడా కాస్త ఎక్కువ వదలాలి.

స్టార్ట్ చేసే పద్ధతి ఈ ట్రక్‌లో అన్నిటికంటే నచ్చే విషయం. తాడు లాగే పని లేదు. 7.2 వోల్టుల ప్యాక్ వేసిన ఈజీ-స్టార్ట్ పెట్టెను ట్రక్‌కు తగిలించి బటన్ నొక్కితే మోటారు ఇంజిన్‌ను తిప్పుతుంది, గ్లో ప్లగ్‌నూ అదే వేడి చేస్తుంది. పెట్టె మీద మోటారుకో లైటు, ప్లగ్‌కో లైటు ఉంటాయి. ప్లగ్ లైటు వెలగకపోతే బటన్ వదిలేసి ప్లగ్ మార్చండి, ఊరికే తిప్పుతూ ఉంటే లోపల ఇంధనం నిండిపోవడం తప్ప ఒరిగేదేమీ లేదు. మోటారు మూలుగుతూ ఆగిపోతే ఇంజిన్‌లో ఇంధనం నిండిందని అర్థం. అప్పుడు బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ప్లగ్ విప్పి, ట్రక్‌ను తలకిందులు చేసి, ముఖం పక్కకు తిప్పుకుని రెండు సెకన్లు ఈజీ-స్టార్ట్‌తో ఇంజిన్‌ను తిప్పండి. లోపలిదంతా చిమ్ముతూ బయటికి వచ్చేస్తుంది. కళ్లజోడు పెట్టుకోవడం మరవొద్దు.

కొత్త ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ పైకి వచ్చేసరికి బిగుసుకుంటుంది. ఇది లోపం కాదు. స్లీవ్ (పిస్టన్ కదిలే గొట్టం) పైభాగం సన్నబడి ఉండేలా కావాలనే చేస్తారు, వేడెక్కాక విచ్చుకుని సరిపోతుంది. హెయిర్ డ్రయ్యర్‌తో సిలిండర్ హెడ్‌ను ఐదు నిమిషాలు వెచ్చబెడితే తేలిగ్గా తిరుగుతుంది. డల్లాస్ చలికాలంలో అయితే ప్రతిసారీ ఇలా చేయడమే మంచిది.

బ్రేక్-ఇన్‌కు, అంటే కొత్త ఇంజిన్‌ను మెల్లగా నడిపి అలవాటు చేయడానికి, 5 ట్యాంకులు పట్టాలి, ఇక్కడ తొందర వద్దు. మొదటి ట్యాంకు బాడీ తీసేసి, నేల మీద నడుపుతూ, పావు థ్రాటిల్ మించకుండా రెండు సెకన్లు ఇచ్చి బ్రేక్ వేయడం, మళ్లీ ఇవ్వడం. రెండో ట్యాంకుకు సగం థ్రాటిల్. ఆ తర్వాత మూడు సెకన్లు పట్టేలా మెల్లగా ఫుల్‌కు తీసుకెళ్లడం. ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య పదిహేను నిమిషాలు చల్లారనివ్వండి. ఈ దశలో పొగ దట్టంగా వస్తుంది, ప్లగ్ తడిసి ఒకటి రెండుసార్లు ఆగిపోతుంది. ఆగిపోతోందని నీడిల్ బిగించకండి. అలాగని రిచ్‌గా (ఇంధనం ఎక్కువగా) ఉంటే మంచిదే కదా అని ఇంజిన్‌ను మరీ చల్లగా నడపడమూ తప్పే. 93 డిగ్రీల సెల్సియస్ దగ్గరికైనా రాకపోతే స్లీవ్ విచ్చుకోదు, బిగుతులో రుద్దుకుని పిస్టన్ అరిగిపోతుంది.

ఇక నీడిల్స్. కార్బ్యురేటర్ మీద తిప్పేవి మూడు: ఇంధనం పైపు వచ్చి చేరే చోట హై స్పీడ్ నీడిల్, గాలి దారిని తెరిచి మూసే స్లైడ్ చివర లో స్పీడ్ నీడిల్, పక్కన ఐడిల్ (థ్రాటిల్ వదిలినప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) స్క్రూ. గడియారం తిరిగే వైపు నీడిల్ బిగిస్తే ఇంధనం తగ్గి లీన్ అవుతుంది, ఎదురు వైపు వదిలితే రిచ్ అవుతుంది. దారి తప్పితే తిరిగి రావడానికి కంపెనీ సెట్టింగు గుర్తుంచుకోండి: హై స్పీడ్ నీడిల్ పూర్తిగా మూసి, అక్కడి నుంచి 4 చుట్లు తెరవాలి. లో స్పీడ్ నీడిల్ తల స్లైడ్ అంచుతో సమంగా ఉండాలి. మూసేటప్పుడు ఆగిన చోట ఆపేయండి, గట్టిగా బిగిస్తే నీడిల్ మొన నొక్కుకుపోయి ఆ తర్వాత ఏ సెట్టింగూ నిలవదు.

ట్యూనింగ్ ఎప్పుడైనా పూర్తిగా వేడెక్కిన ఇంజిన్ మీదే చేయాలి. ఐదు నిమిషాలు నడిపాకే స్క్రూడ్రైవర్ చేతికి తీసుకోండి. ముందు హై స్పీడ్, తర్వాత లో స్పీడ్, చివర్న ఐడిల్, ఈ వరస మారకూడదు. హై స్పీడ్ నీడిల్ గుండా వెళ్లే ఇంధనమే కింది స్పీడుకూ అందుతుంది కాబట్టి, దాన్ని కదిపితే లో స్పీడ్ సెట్టింగు కూడా కదులుతుంది. తిరగేసి చేస్తే రెండుసార్లు చేయాల్సి వస్తుంది.

నీడిల్ తలను గడియారం డయల్ అనుకోండి. ఒకసారికి ఒక గంట మేర, అంటే చుట్టులో పన్నెండో వంతు చాలు. తిప్పాక పొడవాటి దారిలో రెండుసార్లు ఫుల్ థ్రాటిల్‌లో పోనిచ్చి చూడాలి. రిచ్‌గా ఉంటే శబ్దం బొంగురుగా, తెగుతూ ఉంటుంది, వెనక పొగ దట్టంగా లేస్తుంది, రెండో గేరు ఆలస్యంగా పడుతుంది, ఒక్కోసారి పడనే పడదు. గంట గంటగా బిగిస్తూ పోతే శబ్దం సన్నబడి, తెగకుండా ఒకే గీతలా వస్తుంది. ట్రక్ వెనక సన్నని నీలి పొగ గీత మాత్రం కనిపిస్తూనే ఉండాలి. వెలుతురు మీ ఎదురుగా ఉండేలా నిలబడితే ఆ పొగ బాగా కనిపిస్తుంది. ఫుల్ థ్రాటిల్‌లో మొదట దూసుకెళ్లి, దారి చివరికొచ్చేసరికి వేగం నీరసించిందంటే లీన్ దాటేసినట్టే. వెంటనే థ్రాటిల్ వదిలి, మూడు గంటల మేర వెనక్కి తిప్పండి. అందరికీ నచ్చే ఆ గట్టి కేక లాంటి శబ్దం లీన్ అంచు మీదే వస్తుంది. దాన్ని పట్టుకుని ఆగిపోతే ఇంజిన్ ఎక్కువ కాలం బతకదు. పట్టుకున్నాక ఒక గంట వెనక్కి రావాలి.

లో స్పీడ్ నీడిల్ దగ్గరే ఎక్కువమంది పొరబడతారు. పది సెకన్లు ఐడిల్‌లో ఉంచి, ఒక్కసారిగా థ్రాటిల్ ఇవ్వండి. ట్రక్ తటపటాయించి, బుడబుడమంటూ పొగ కక్కి, ఆ తర్వాత అందుకుంటే అది రిచ్. పొగ లేకుండా ఊపిరి ఆగినట్టు టక్కున చనిపోతే అది లీన్. రెండింటిలోనూ ట్రక్ తటపటాయిస్తుంది, తేడా చెప్పేది పొగే. పొగ చూడకుండా "పికప్ లేదు, ఇంకాస్త బిగిద్దాం" అనుకునేవాళ్లే ఇంజిన్లు కాల్చుకునేది. ఫుల్ థ్రాటిల్ నుంచి వదిలాక శబ్దం చాలాసేపు పైనే వేలాడి, తర్వాత మెల్లగా దిగుతుంటే అదీ లీన్ లక్షణమే, గాలి లీకు కూడా అయి ఉండొచ్చు. వదిలిన వెంటనే ఐడిల్‌కు పడిపోయి, అక్కడి నుంచి ఇంకా దిగుతూ ఆగిపోతే రిచ్.

దీన్ని సరిచూసుకోవడానికి ఇంధనం పైపు నొక్కే పరీక్ష ఉంది. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కార్బ్యురేటర్‌కు దగ్గరగా పైపును వేళ్లతో నొక్కి పట్టుకోండి. శబ్దం కొద్దిగా పెరిగి, రెండు నుంచి నాలుగు సెకన్లలో ఆగిపోతే సరిగ్గా ఉంది. నొక్కగానే పెరగకుండా ఆగితే లీన్, బాగా పెరిగి చాలాసేపు తిరుగుతూ ఉంటే రిచ్. పైపు దగ్గరి సైలెన్సర్, సిలిండర్ హెడ్ మండుతూ ఉంటాయి, చేయి జాగ్రత్త.

లో స్పీడ్ సరిచేయగానే ఐడిల్ పెరుగుతుంది, స్క్రూతో దాన్ని దించాలి. గాలి ఫిల్టర్ తీసి చూస్తే ఐడిల్‌లో స్లైడ్ తెరుచుకున్న సందు మిల్లీమీటరు లోపే ఉండాలి. అంతకంటే తెరిస్తేనే ఇంజిన్ ఆగకుండా ఉంటోందంటే, లో స్పీడ్ రిచ్‌గా ఉండి ఐడిల్ స్క్రూతో సర్దుకుపోతున్నట్టు. ఐడిల్ ఎక్కువైతే క్లచ్ పట్టుకుని ట్రక్ నిలబడిన చోట ముందుకు పాకుతుంది. బ్రేక్ వేసి ఆపి ఉంచితే క్లచ్ షూలు కాలిపోతాయి.

టెంపరేచర్ గన్ కొనుక్కోండి, కానీ దాన్ని చూసి ట్యూన్ చేయకండి. గ్లో ప్లగ్ దగ్గర గురిపెట్టి చూస్తే 93 నుంచి 132 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఇంత వెడల్పు ఎందుకంటే బయటి ఎండను బట్టి అంకె మారుతుంది. జనవరిలో 100 డిగ్రీలు చూపించే సెట్టింగే మే నెలలో 125 చూపించవచ్చు. అంకె 132 దాటితే మాత్రం వెంటనే ఆపండి. గన్ లేకపోతే హెడ్ మీద నీటి చుక్క వేయండి. చుయ్యిమని క్షణంలో ఎగిరిపోతే ఎక్కువ వేడి, మూడు నుంచి ఐదు సెకన్లు మరిగి పోతే ఫర్వాలేదు, ఊరికే కూర్చుంటే ఇంకా చల్లగానే ఉంది. వేడెక్కుతోందని హై స్పీడ్ నీడిల్‌ను ఎడాపెడా వదిలేస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. వేడికి అసలు కారణం లో స్పీడ్ లీన్ కావచ్చు, బాడీలో గాలి తగలకపోవడం కావచ్చు, బ్రేక్ పట్టేసి ఉండొచ్చు.

నిన్న బాగా నడిచిన సెట్టింగు ఈరోజు కుదరకపోతే నీడిల్‌ను ముట్టుకోకుండా ముందు ప్లగ్ విప్పండి. తీగ నల్లబడకుండా తడిగా, కొత్తదానిలా మెరుస్తుంటే రిచ్. బూడిద రంగుకు తిరిగితే సరిగ్గా ఉంది. మెలికలు తిరిగినా, తెగినా లీన్. ఈజీ-స్టార్ట్ తగిలించి ఉన్నంతసేపు నడిచి, తీయగానే ఆగిపోతోందంటే ముందుగా అనుమానించాల్సింది ప్లగ్‌నే. దీనికి పొడవు రకం ప్లగ్ కావాలి, పొట్టిది వేస్తే శక్తి పోతుంది. రెండు ప్లగ్‌లు ఎప్పుడూ పెట్టెలో ఉంచుకోండి.

ఆ తర్వాత గాలి లీకు. ఇంధనం ట్యాంకు నుంచి దానంతటదే రాదు, సైలెన్సర్ నుంచి ట్యాంకుకు వెళ్లే సన్నని పైపులోని ఒత్తిడి దాన్ని తోస్తుంది. ఆ పైపుకు చిల్లు పడినా, ట్యాంకు మూత రబ్బరు గట్టిపడినా ఇంధనం తగ్గి ఇంజిన్ లీన్ అవుతుంది. ట్యాంకు విప్పి, ఒక పైపు మూసి, నీళ్లలో ముంచి, రెండో పైపులోంచి ఊదితే బుడగలు ఎక్కడివో తెలుస్తాయి. ఇంజిన్ వైపు చూడాల్సినవి కార్బ్యురేటర్ మెడ దగ్గరి రబ్బరు రింగు, వెనక ప్లేటు. ఈజీ-స్టార్ట్ షాఫ్ట్ ఆ వెనక ప్లేటు గుండానే వెళ్తుంది కాబట్టి, పాత ఇంజిన్లలో మొదట చూడాల్సిన చోటు అదే. ఇంధనం, దుమ్ము కలిసి ఒక చోట తడి మరక కట్టి ఉంటే లీకు అక్కడే. శుభ్రంగా తుడిచి, వేడి తట్టుకునే సిలికాన్‌ను జుట్టు మందాన పూసి బిగించి, ఒక రాత్రి ఆరనివ్వండి. ఎక్కువ పూస్తే లోపలికి ఒలికి బేరింగుల్లో పడుతుంది.

గాలి ఫిల్టర్ సంగతిలో రాజీ లేదు. నూనె పూయని స్పాంజి ఫిల్టర్‌తో పొడి మట్టిలో ఒక్క సాయంత్రం నడిపితే చాలు, దుమ్ము స్లీవ్‌ను గీరేస్తుంది. గంట నడిపాక విప్పి, వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ వేసి స్పాంజి అంతా ఒకే రంగు వచ్చేదాకా పిసకాలి. మన ఊళ్ల ఎర్రమట్టి నేలల్లో అయితే గంట కూడా ఆగొద్దు.

వాతావరణం మారితే నీడిల్ మారాల్సిందే. చలిలో గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి ఇంధనం పెంచాలి. ఎండలో, ఉక్కపోతలో, ఎత్తైన చోట తగ్గించాలి. విశాఖ బీచ్ దగ్గర కుదిరిన సెట్టింగు, సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనున్న హైదరాబాద్‌లో కాస్త రిచ్‌గా అనిపిస్తుంది. ఉదయం చల్లగా ఉన్నప్పుడు ట్యూన్ చేసింది మధ్యాహ్నానికి రిచ్ అయితే ఇంజిన్‌కు ప్రమాదం లేదు. మధ్యాహ్నం చేసి మర్నాడు తెల్లవారుజామున అలాగే నడిపితేనే లీన్ అవుతుంది. అనుమానం ఉంటే నీడిల్‌ను డయల్ మీద రెండు గంటల మేర వదిలి మొదలుపెట్టండి.

రెండో గేరు ఎప్పుడు పడాలన్నది గేరుబాక్సులోని చిన్న స్క్రూతో మార్చుకోవచ్చు, కానీ ఇంజిన్ ట్యూనింగ్ పూర్తయ్యేదాకా దాన్ని ముట్టుకోకండి. రిచ్ ఇంజిన్ గేరు మార్చలేకపోతే తప్పు గేరుది కాదు. రిసీవర్ బ్యాటరీలు, ఫెయిల్-సేఫ్ ప్రతిసారీ చూసుకోండి. సిగ్నల్ తెగితే థ్రాటిల్ బ్రేక్ వైపు పోయేలా పెట్టాలి, లేదంటే ఫుల్ థ్రాటిల్‌లో చేతికి చిక్కకుండా పోయిన ట్రక్ ఎవరి కాలికైనా తగలొచ్చు. మిథనాల్ మంట పగటి వెలుతురులో కంటికి కనిపించదని పిల్లలకు ముందే చెప్పండి.

ఆపేశాక చేసే పది నిమిషాల పని ఈ ఇంజిన్ ఆయుష్షును నిర్ణయిస్తుంది. ట్యాంకు ఖాళీ చేసి, పైపుల్లో మిగిలింది కాలిపోయేదాకా నడపండి. మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, నెల రోజుల తర్వాత చూస్తే బేరింగులు తుప్పు పట్టి ఉంటాయి. ప్లగ్ రంధ్రంలో, కార్బ్యురేటర్‌లో ఆఫ్టర్-రన్ ఆయిల్ (తుప్పు పట్టకుండా వేసే నూనె) నాలుగైదు చుక్కలు వేసి, కొద్దిసేపు తిప్పండి. చివరగా ఫ్లైవీల్‌ను (ఇంజిన్‌తో పాటు తిరిగే చక్రాన్ని) చేత్తో తిప్పి పిస్టన్‌ను అడుగుకు తెచ్చి వదలండి. వేడి మీద పైన వదిలేస్తే స్లీవ్ చల్లారుతూ ముడుచుకుని పిస్టన్‌ను పట్టేస్తుంది.

పాతది కొంటున్నవాళ్లు ఇదే ఫ్లైవీల్‌తో పరీక్షించండి. ఇంజిన్ వేడిగా ఉండగా చేత్తో తిప్పినప్పుడు పైన కొంచెమైనా పట్టు తగలాలి. చల్లగా ఉంటే స్టార్ట్ అయి, వేడెక్కి ఆగాక చల్లారేదాకా మళ్లీ స్టార్ట్ కాదంటే పిస్టన్, స్లీవ్ అరిగిపోయాయి. ట్రక్ ఎంత తళతళలాడుతున్నా ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి బేరం చేయండి.